లజాన్యా పక్కన గోంగూర పప్పు

పెళ్ళి దగ్గర పడ్డాక ఏ ఇంట్లోనైనా చీరల గురించో పంతులుగారు చెప్పిన టైము గురించో గొడవలు జరుగుతాయి. మా అన్నయ్య కూతురి పెళ్ళికి మాత్రం మా ఇంట్లో గొడవ జి అనే ఇంగ్లీషు అక్షరం గురించి జరిగింది. నవ్వకండి. నేను చిలకలూరిపేటలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మా బంధువుల్లో ఎవరు ఏ కొట్టు పెట్టినా, ఏ ఫ్లెక్సీ కొట్టించినా స్పెల్లింగు చూడమని నాకే ఫోను వస్తుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు దక్కిన మర్యాద ఇంతే.

అన్నయ్యకి ఇదే ఊళ్ళో పత్తి జిన్నింగ్ మిల్లుంది. ఒక్కతే కూతురు కాబట్టి పెళ్ళి భోజనాలు విజయవాడ కేటరింగ్ వాళ్ళకి అప్పజెప్పాడు. వంటకాల గిన్నెల ముందు పెట్టే అట్టల నమూనాలన్నిటినీ ఫోటోలు తీసి నా వాట్సాప్‌కి పంపించి, వెంటనే ఫోన్ చేశాడు.

"ఒరేయ్, స్పెల్లింగులు దిద్దరా. రేపు ప్రింటుకి పోతాయి."

చూస్తే నాకు తల తిరిగింది. ఇటలీ వాళ్ళ లజాన్యా ఉంది. న్యోకీ ఉంది. మెక్సికో వాళ్ళ కేసడియా, ఫ్రెంచి వాళ్ళ క్రోసాన్, ఇంకా కీన్వాతో ఉప్మా కూడా ఉంది. మీకు ఈ పేర్లు ఇలా తెలుగులో చదువుకోవడానికి హాయిగానే ఉంటుంది. ఇంగ్లీషులో రాసి చూడండి, తెలుస్తుంది నా బాధ. కేటరింగ్ వాళ్ళు లజాన్యాలో జి ఎగరగొట్టి, అది తీసుకెళ్ళి అక్కర్లేని ఇంకో పేరులో పెట్టారు.

"లజాన్యాకి జి పెట్టించన్నయ్యా," అన్నాను.

"లజాన్యాలో జి ఎక్కడ పలికిందిరా?"

"పలకదు. కానీ ఉంటుంది."

"పలకనిదాన్ని ఎందుకు పెట్టుకున్నార్రా?"

"అది ఇటలీ వాళ్ళనడగాలి."

"వాళ్ళనేం పెళ్ళికి పిలవలేదుగా. తీసెయ్."

క్లాసులో పిల్లలూ ఇదే అడుగుతారు, ఏం చెప్పను? ఇంగ్లీషువాడు ప్రతి దేశం వంటింట్లోకీ దూరి అక్కడి పేర్లు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవాడు తనకి పలికినట్టు రాసుకోవచ్చుగా? రాసుకోడు. ఫ్రెంచివాడి తోకలన్నీ ఉంచేస్తాడు, ఇటలీవాడి మూగ అక్షరాలన్నీ మోసుకొస్తాడు. అవన్నీ తీసుకొచ్చి నా నెత్తిన పడేస్తే, పరీక్ష పేపర్లలో నేను ఎర్ర ఇంకుతో సున్నాలు చుట్టుకుంటూ కూర్చోవాలి. అయినా సరే, ఆ రోజు ఓపిగ్గా ఒక్కో అట్టా దిద్దుకుంటూ వచ్చాను. ఆఖరి ఫోటో దగ్గర ఆగిపోయాను. "రెడ్ సోరెల్ లెంటిల్ స్ట్యూ" అని ఉంది. అది ఏ దేశం వంటో నాకూ తెలియలేదు. అన్నయ్యకే మళ్ళీ ఫోన్ చేశాను.

"అదా? మన గోంగూర పప్పేరా," అన్నాడు తాపీగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "గోంగూర పప్పుని గోంగూర పప్పని రాస్తే ఏం పోయింది? ఇటలీవాడి పేరు ఇటలీ పేరుగానే ఉంచారు. మెక్సికోవాడిదీ అలాగే ఉంచారు. గుంటూరు వైపు, పెళ్ళిలో, గోంగూర ఒక్కదాని పేరు మార్చాలా? అమ్మతో పాటు మన పల్లె నుంచి వచ్చేవాళ్ళకి అదేంటో ఎట్టా తెలుస్తుంది? కనీసం కింద తెలుగులోనైనా వేయించు."

"కాంటినెంటల్ థీమ్ రా అది. కోయంబత్తూరు నుంచి మిల్లు పార్టీలు వస్తున్నారు. తెలుగులో రాస్తే టిఫిన్ సెంటర్లా ఉంటది. నిన్ను స్పెల్లింగులు చూడమంటే సలహాలెందుకు చెప్తావు?" అని పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. వదినతో చెప్పించినా వినలేదు.

అమ్మ పొదిలి దగ్గర మా సొంతూళ్ళోనే ఉంటుంది. మిరప, కంది, కాస్త పొగాకు, అన్నీ ఇప్పటికీ తనే దగ్గరుండి చూసుకుంటుంది. మనవరాలి పెళ్ళని గడప గడపకీ తనే వెళ్ళి పిలిచింది. ఊరివాళ్ళ కోసం అన్నయ్య బస్సు మాట్లాడాడు. భోజనాల గురించి అమ్మ అడిగింది ఒక్కటే.

"మీ ఇష్టమొచ్చినయ్యి వండించుకోండి, నాకెందుకు. మనూరోళ్ళలో ఒక్కళ్ళు ఆకలితో బస్సెక్కినా నాకు ముద్ద దిగదు. వాళ్ళు తిన్నాకే నేను తినేది."

మా వైపు అంతే, పెళ్ళివారింట్లో పెద్దావిడ అందరూ లేచాక చివర్లో కూర్చుంటుంది. అమ్మకి షుగరు. మాత్ర వేసుకున్నాక తినడం ఆలస్యమైతే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. ఒకసారి కంది చేలోనే కూలబడిపోతే మోసుకొచ్చారు కూడా. ఈ ఒక్కరోజుకి ముందే తినమ్మా అంటే వినే మనిషి కాదు. "అన్నం, పప్పు అన్నీ ఉంటాయే అమ్మా, మనవాళ్ళకేం లోటుండదు," అని అన్నయ్య అమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆ మాట అబద్ధం కాదు. అన్నీ ఉన్నాయి.

కల్యాణ మండపంలో ముహూర్తం బాగా జరిగింది. భోజనాల హాల్లో తెల్లటి గుడ్డలు పరిచిన బల్లల మీద మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు బారుగా పేర్చారు. ఒక్కో గిన్నె ముందు ఒక్కో అట్ట, దాని మీద నేను దిద్దిన బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాలు. జి దాని చోట అది ఉంది. టైలు కట్టుకున్న వడ్డనవాళ్ళు లజాన్యాని లసగ్నా అంటున్నారు. కేసడియా వాళ్ళ నోట్లో పడి మా కాలేజీ వాచ్‌మన్ ఇంటిపేరులా తయారైంది. నేను చిరాకు పడుతూ ఉండగానే ఫోటోలకి రమ్మని స్టేజీ మీదికి లాక్కుపోయారు. ఇక అక్కడినుంచి కదలనిస్తేగా! ఆ కెమెరావాడు మనుషుల్ని నిలబెట్టినంత సేపు మా కాలేజీలో శిక్ష కింద కూడా ఎవర్నీ నిలబెట్టరు.

కిందికి దిగేసరికి భోజనాల హాలు పలచబడింది. ఊరి బస్సు బయట హారన్ కొడుతోంది. అమ్మ ఒక మూల కుర్చీలో కూర్చుని ఉంది. మాత్ర ఎప్పుడో వేసుకుంది, మొహం అప్పటికే పాలిపోయింది. పక్కన మేస్త్రమ్మ నిలబడి సెలవు తీసుకుంటోంది.

మేస్త్రమ్మ అంటే మా ఊరి మిరపకాయ కోతల ముఠాకి పెద్ద. చర్చి వీధిలో ఉంటుంది. తెల్లారకముందే కూలీల్ని లేపుకుని చేలోకి తీసుకురావడం, సాళ్ళు పంచడం, పని నడిపించడం ఆవిడ పని. ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. అమ్మా ఆవిడా వయసులో ఉన్నప్పటి నుంచీ ఒకే చేలో ఎండకి ఎండినవాళ్ళు, గట్టు మీద ఒకే గిన్నెలో అన్నం కలుపుకున్నవాళ్ళు.

"వెళ్ళొస్తానక్కా, బస్సోడు తొందరపెడతన్నాడు," అంది మేస్త్రమ్మ.

"తిన్నావా?"

"కడుపు నిండా తిన్నానక్కా."

మా వైపు తిన్నానంటే చాలదు. ఏం కూరో చెబితేగానీ తిన్నట్టు కాదు. దారిన పోయేవాళ్ళు కూడా అదే అడుగుతారు. అమ్మా అడిగింది.

"ఏం కూర?"

"ఏయో ఇంగ్లీషు కూరలక్కా. ఆ పేర్లు నా నోటికేం తిరుగుతయ్యి!" అని నవ్వింది మేస్త్రమ్మ.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పేర్లు నా నోటికే సరిగా తిరగవు, ఆవిడదేం తప్పు అనుకున్నాను. అమ్మ ఎందుకో ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని వాసన చూసింది. చూసి తలెత్తింది.

"కూర వాసన లేదు, కొబ్బరి నూనె వాసనొస్తందే."

"చెంచాతో తిన్నానక్కా."

"నువ్వా? చెంచాతోనా?"

మేస్త్రమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అమ్మ వదల్లేదు.

"నా మీద ఒట్టే. నిజం చెప్పు."

"ఏంలేదక్కా, పెళ్ళింట్లో గొడవెందుకులే అని... గిన్నెలన్నీ మూతలు పెట్టున్నయ్యి. ముందర ఏందో ఇంగ్లీషులో రాసుంది. టైలు కట్టుకున్నోళ్ళు అవతల నిలబడి ఫోన్లు చూసుకుంటన్నారు. ఒకరింట్లో గిన్నె మూత మనం తీస్తామా అక్కా? ఎవురన్నా పిలిచి పెడతారేమోనని పళ్ళెం పట్టుకుని చానా సేపు నిలబడ్డా. ఎవురూ పిలవలా. చేసేది లేక పళ్ళెం అక్కడే పెట్టేసి వచ్చా."

బల్లల దగ్గరికి పరిగెత్తి రెడ్ సోరెల్ గిన్నె మూత తీశాను. లోపల గోంగూర పప్పు అంచుల దాకా ఉంది. ఎవరూ గరిటె కూడా పెట్టలేదు. కోయంబత్తూరు వాళ్ళకి అదేంటో తెలియదు, మావాళ్ళకి ఆ అక్షరాలు తెలియవు. పక్కన అన్నం గిన్నె మూత తీస్తే అదీ ఇంచుమించు అంతే. గుత్తివంకాయ ఉంది, మజ్జిగపులుసు ఉంది. ఇంత అన్నం పెట్టుకుని ముసలామెని ఖాళీ పళ్ళెంతో నిలబెట్టారే అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలియదు. వడ్డనవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు.

తిరిగొచ్చేసరికి అమ్మ లేచి నిలబడింది. చేతులు వణుకుతున్నాయి.

"అమ్మా, ముందు నువ్వు కూర్చో. మేస్త్రమ్మకి నేను వడ్డించుకొస్తా. ఇద్దరూ తినండి," అన్నాను.

"మరి బస్సులో వాళ్ళో?" అంది అమ్మ.

ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు. బయటికి వెళ్ళి బస్సెక్కాను. ఊరంతా అందులోనే ఉంది. మంచి బట్టలు కట్టుకుని, ఒళ్ళో తాంబూలం సంచులు పెట్టుకుని సర్దుకుని కూర్చున్నారు.

"అందరూ భోంచేశారా?" అన్నాను.

"చేశాం బాబూ, చేశాం. భోజనాలు బెమ్మాండంగా ఉన్నయ్యి," అన్నారు నాలుగైదు గొంతులు ఒకేసారి.

"ఏం కూరలు?"

ఆడవాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. నేను మళ్ళీ అడిగాను. చివరికి వెనక సీటులో ఉన్న పెద్దాయన నన్ను ఎలాగోలా ఒడ్డున పడెయ్యాలనుకున్నాడో ఏమో, మొహమాటంగా అన్నాడు.

"ఐస్‌క్రీం తిన్నాం బాబూ."

సిగ్గుతో చచ్చిపోయాను. "దిగండి," అన్నాను. ఒక్కరూ కదల్లేదు. పర్లేదు బాబూ అన్నారు, పొద్దు పోతదన్నారు, ఇంటికి పోయి ఇంత వండుకుంటాంలే అన్నారు. డ్రైవరు విసుక్కున్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను, నా వల్ల కాలేదు. అప్పుడు అమ్మ మేస్త్రమ్మ భుజం పట్టుకుని నడుచుకుంటూ వచ్చి బస్సు తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలబడింది. చెమటకి జాకెట్టు తడిసిపోయింది. లోపలున్నవాళ్ళు ఆవిణ్ణి చూశారు.

"ఏందే అట్టా చూస్తన్నారు? అక్కకి షుగరుందని తెలవదా? మీరు తినందే ఆమె తినదు. దిగండే!" అని అరిచింది మేస్త్రమ్మ, చేలో అరిచినట్టు.

బస్సు ఖాళీ అయిపోయింది.

బల్లలు లాగి, కుర్చీలు వరసగా వేయించి అందర్నీ కూర్చోబెట్టాం. సంగతి తెలిసి అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. పట్టుపంచె పైకి చెక్కి అన్నం బేసిన్ అందుకున్నాడు. వాడితో చెప్పాలనుకున్నవి నా దగ్గర బోలెడున్నాయి గానీ వాడి మొహం చూశాక అవన్నీ పక్కన పెట్టేశాను. నేను పప్పు బకెట్ పట్టుకుని "గోంగూర పప్పు, గోంగూర పప్పు" అని గొంతు చించుకుంటూ వరస వెంట నడిచాను. ఎవరూ వద్దనలేదు. పెద్దాయన రెండోసారి అడిగి మరీ వేయించుకున్నాడు.

అమ్మకీ మేస్త్రమ్మకీ పక్కపక్కనే వడ్డించాను. తిను అమ్మా, తిను, అని తొందరపెట్టాను. అమ్మ వణికే చేత్తోనే ముద్ద కలిపి పట్టుకుంది. నోట్లో పెట్టుకోకుండా వరస ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్కొక్కరి పళ్ళెమే చూసుకుంటూ పోయింది. చివరి కుర్చీలో ఉన్నావిడ మొదటి ముద్ద మింగాక అమ్మ తింది.