తుప్పు రేకు

పాత ఊళ్లో యంతీనాకు పింజర పాములన్నీ తెలుసు. తలమీది మచ్చను బట్టి గుర్తుపట్టి పేరు పెట్టి పిలిచేది. వారమంతా రొట్టెల దుకాణం, సెలవునాడు పాములు. అలా గడిచింది జీవితం. గొర్రెలు కాసే రూలొఫ్‌ను మలివయసులో పెళ్లాడి డ్రెంత ప్రాంతంలోని ఈ ఊరికి వచ్చాక, తెలిసిన పాము ఒక్కటీ లేదు.

ఊరి పక్క బయల్లో పొదలను కొత్తగా మొలిపించడానికి సోమవారం యంత్రం వచ్చి పైమట్టి చెక్కేస్తుంది. మట్టిలో ఏమున్నా దానితోపాటే పోతుంది.

“ఒక్క పింజరను కళ్లారా చూపించండి, ఆపించేస్తాను,” అన్నాడు అడవి కాపలా చూసే వీబో.

ఎండ తగిలే గట్లమీద ఆమె కొత్త ఇనుప రేకులు పరిచింది. వెచ్చదనానికి పాములు వాటి కిందికి చేరతాయి. రోజూ ఎత్తి చూసింది. చీమలు. ఒకసారి కప్ప.

“ఇల్లు కట్టించావు సరే, కాపురానికి ఒక్కటీ రాలేదే!” అన్నాడు రూలొఫ్.

“నీ గొర్రెల డెక్కల చప్పుడుకి ఎవరొస్తారు?”

శనివారం ఊరివాళ్లంతా బయల్లో చెత్త ఏరారు. పాత గొర్రెల దొడ్డి దగ్గరున్న తుప్పు రేకును యంతీనాయే లాక్కొచ్చి చెత్తబండి పక్కన పడేసింది. రేకు బోర్లా తిరిగింది. అడుగున కుబుసం అంటుకుని ఉంది.

ఆమె అక్కడే కూలబడింది. కొత్త రేకుకు ఇనుము వాసన పోవాలంటే ఒక చలికాలమైనా గడవాలి, అప్పటిదాకా దాని కింద పాము చేరదు. అది తనకు తెలియనిది కాదు.

“కుబుసం ఎప్పటిదో, అది లెక్కలోకి రాదు,” అన్నాడు వీబో.

“వాటి పైకప్పు నేనే పీకేశాను రూలొఫ్.”

“పీకినదానివి మళ్లీ వెయ్యి. పట్టు, అటు అంచు.”

దొడ్డి దగ్గర, రేకు కింద గడ్డి పాలిపోయిన గుర్తుకు అంచుకు అంచు కలిపి దాన్ని మళ్లీ పెట్టారు. పాములు బెదరకూడదని ఆదివారం ఆమె అటువైపు పోలేదు.

సోమవారం ఎండ కాసింది. యంత్రం వచ్చి నిలబడింది కానీ ఇంజను ఆగలేదు. యంతీనా కొక్కెంతో రేకు అంచు పైకి లేపింది. రాగిరంగులో ఏదో కదిలింది.

“ఇది కాళ్లులేని బల్లి కదమ్మా,” అన్నాడు వీబో.

“తెలుసులేవయ్యా. ఉండు.”

ఇంకాస్త ఎత్తింది. మూలన, వీపు మీద మెలికల నల్లగీతతో, చుట్ట చుట్టుకుని పింజర. వీబో వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తాడు. ఇంజను ఆగింది.

“ఏం పేరు పెడతారు?” అన్నాడు గుసగుసగా.

“ఇప్పుడేగా కలిశాం.”

తలమీది మచ్చ కనిపించేంత వరకే వంగి చూసి, ఆమె రేకు దించేసింది.