అత్తయ్యగారు ఎక్కితే కదలని కారు

మా కారు అందరితోనూ బాగానే పరిగెత్తేది. ఒక్క మా అత్తయ్యగారు ఎక్కితే మాత్రం ఎద్దుబండి అయిపోయేది. ఈ మాట ఊరికే అనలేదు నేను, పరీక్ష పెట్టి మరీ అన్నాను. చేసిన తప్పు కూడా అదే.

అత్తయ్యగారిది దర్శి దగ్గర పల్లె. పత్తి, మిరప వేస్తారు. ఒక కంటికి శుక్లం తీశారు, రెండోది మిగిలింది. కళ్ళంలో మంచికాయ ఏదో తెల్లబారిన తాలుకాయ ఏదో సరిగ్గా ఆనక, కూలీల ముందు నవ్వులపాలవుతున్నానని ఆమె బాధ. మిరప కోతలు మొదలయ్యేలోపు రెండో కన్నూ బాగుచేయించుకోవాలని పట్టుదల. గుంటూరులో ఉండేది మేమే కాబట్టి ఆసుపత్రికి తీసుకురావడం, దింపి రావడం నా పని.

వాళ్ళ ఊరి నల్లరేగడి సంగతి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. వాన పడితే చెప్పుల కింద ఇంకో జత చెప్పులు మొలుస్తాయి. మా కారేమో కొత్తది. అందుకని అత్తయ్యగారు ఎక్కబోయే ముందు పాత మిరప గోతాలు మడతపెట్టి అందరి కాళ్ళ కిందా పరిచేవాణ్ణి, నా కాళ్ళ కింద కూడా. ఆమె దిగాక దులిపి డిక్కీలో పడేసేవాణ్ణి. మా వైపు చాలామంది చేసేదే.

ఆమెతో వస్తుంటే అద్దంకి దాటాక ఒక్క లారీని దాటలేకపోయేవాళ్ళం. ఎంత తొక్కినా కారు మూలిగేదే తప్ప ఊపందుకునేది కాదు. ఒకసారి వరిగడ్డి ట్రాక్టరు మమ్మల్ని దాటుకుని పోతూ హారన్ కూడా కొట్టింది.

“అల్లుడుగారూ, దిగి తొయ్యమంటారా?” అన్నారు అత్తయ్యగారు వెనకసీట్లోంచి.

మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపాడు. పత్తినూగు, మిరప దుమ్ము కలిసి లేచాయి. ఇద్దరం కళ్ళనీళ్ళు కారేలా తుమ్మాం. కొత్తది వేసి, “ఇక విమానమే సార్” అన్నాడు. తిప్పి చూస్తే నిజంగా విమానమే. మర్నాడు అత్తయ్యగారు ఎక్కారు. మళ్ళీ ఎద్దుబండి. పెట్రోలు బంకు మార్చాను. టైర్లలో గాలి చూపించాను. ఏం లాభం లేదు.

అప్పుడు నాకు శాస్త్రీయ దృష్టి పుట్టింది. బరువు వల్లేమో తేల్చుకుందామని, అత్తయ్యగారంత బరువు తూగేలా మిరపకాయలు కుక్కిన బస్తాలు, అదే టిక్కీలు, వెనకసీట్లో పెట్టి హైవే ఎక్కాను. టిక్కీలకి కాళ్ళుండవు కాబట్టి గోతాలు పరచలేదు. కారు రివ్వున పోయింది.

గర్వంగా ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను: “బరువు కాదే. బరువైతే టిక్కీలతోనూ మూలగాలిగా? మీ అమ్మలోనే ఏదో ఉంది.”

“నాలో ఏముందటే?” అంది మా ఆవిడ చేతిలోని ఫోను, అత్తయ్యగారి గొంతుతో. స్పీకర్ ఆన్‌లో ఉంది.

ఆ తర్వాత ఆమెది ఒకటే మాట. ఆపరేషనూ వద్దు, ఆ కారూ వద్దు. బస్సులో రమ్మంటే, “నన్నెక్కించుకుని బస్సు ఆగిపోతే అందులోవాళ్ళ ఉసురు నాకెందుకు?” అన్నారట. డాక్టరుగారిచ్చిన రోజు తప్పితే మళ్ళీ కోతలయ్యాకే. మా ఆవిడ నన్ను తిట్టలేదు. కారు తాళాలు నా కంచం పక్కన పెట్టి, “అమ్మని తీసుకురాకపోతే మీరూ రావద్దు” అంది.

ఆపరేషన్ రోజు తెల్లవారేసరికి వాళ్ళ వాకిట్లో చీలమండల దాకా బురదలో నిలబడ్డాను.

“టిక్కీనే ఎక్కించుకుపోండి. దానికి చేయించండి ఆపరేషను” అన్నారు అరుగు మీంచి.

తప్పయిపోయిందన్నాను. నోరు జారానన్నాను. చివరికి సంచీ పట్టుకుని కారు దాకా వచ్చారు. నేను అలవాటుగా గోతాలు పరిచి తలుపు తీశాను. ఇన్నాళ్ళూ వాటిని పట్టించుకోని ఆమె మొహం ఈసారి మారిపోయింది.

“ఓహో, నా కాళ్ళకి గోనెపట్టాలా? ముందవి తీసెయ్యండి. అప్పుడెక్కుతా.”

గబగబా అన్నీ లాగేశాను. నాదొక్కటీ ఉంచుకుంటే బాగుండదని అదీ లాగేశాను.

రోడ్డెక్కి తొక్కాను. ఆమె కార్లో ఉండగా ఎప్పుడూ దిగనంత లోతుకి దిగింది కాలు. కారు ఎగిరి దూకింది. “అయ్యయ్యో, నెమ్మదండీ!” అని అత్తయ్యగారు సీటు పట్టుకున్నారు. రెండు లారీలు దాటేశాక, లాగేసిన గోతాలు గుర్తొచ్చాయి. పక్కకి ఆపి, డిక్కీలోంచి గోతం తెచ్చి, మడతపెట్టి యాక్సిలరేటర్ కిందకి తోసి, చేత్తో నొక్కి చూశాను. సగంలోనే మెత్తగా ఆగిపోయింది. ఆమె ఎక్కినప్పుడల్లా అదే ఆఖరనుకున్నాను. ఇంజన్ని అనుమానించాను, బంకుని అనుమానించాను, పెద్దావిడని అనుమానించాను. నా కాలి కింద మాత్రం చూసుకోలేదు.

చెప్పకుండా పోనిచ్చేయొచ్చు. కానీ ఆమె వంగి చూస్తున్నారు. చెప్పేశాను.

“అంటే నాలో ఏమీ లేదంటారు.”

“లేదండి.”

“గోతంలో ఉందంటారు.”

“గోతంలోనూ లేదండి. పరిచినవాడిలో ఉంది.”

“అయితే అమ్మాయికి ఫోన్ చేసి అదే మాట చెప్పండి. స్పీకర్ పెట్టి.”

చెప్పాను. అవతలి నుంచి చాలాసేపు నవ్వే వినిపించింది.

ఆసుపత్రికి వేళకే చేరాం. లోపలికి తీసుకెళ్తున్న నర్సుతో, “బయట ఉన్నాయన మా అల్లుడు” అని చెప్పి, నా వైపు తిరిగారు. “ఎక్కడికీ పోకండి. వచ్చేటప్పుడు ముందుసీట్లో కూర్చుంటాను. మీరెలా తొక్కుతారో రెండు కళ్ళతోనూ చూడాలి.”