పొగగొట్టాల ఒట్మార్, అతని మేనమామ టోపీ

మా లోయలో పొగగొట్టాలు తుడిచిన ఒట్మార్ డింకెల్ గురించి రాయడానికి నాకంటే తగినవాడు దొరకడు. నేను ఊరి బడితో చదువు ఆపినవాణ్ణి. అయినా మా ఆల్టెన్‌రోత్ ఊరి అగ్నిమాపక దళాన్ని ఇరవై ఏళ్ళకు పైగా నడిపాను. తుపాకి గురి పోటీలో మూడుసార్లు గెలిచి ‘రాజు’ బిరుదు పొందాను. పాత సైనిక టోపీల సంఘాన్ని స్థాపించిందీ నేనే, అందులోకి ఒట్మార్‌ని తెచ్చిందీ నేనే. ఆ తర్వాత జరిగినదానికి మాత్రం బాధ్యత అతనిదే.

పొగగొట్టాలు తుడిచేవాడికి ఊళ్ళోని ప్రతి అటకా తెలుస్తుంది. యుద్ధం నుంచి బతికొచ్చిన మగవాళ్ళు తమ టోపీల్ని, ముందుకు నల్లటి చూరు వంగి ఉండే ఆ అధికారుల టోపీల్ని, అటక మీదికి విసిరేసి ఊరుకున్నారు. కొన్నింటిలో కోళ్ళు గుడ్లు పెట్టాయి. ఒట్మార్ మసి మొహంతో నిచ్చెన దిగి, “అవ్వా, పైన పెట్టెలో టోపీ ఒకటుంది. నీకేం పని దానితో?” అని అడిగేవాడు.

“పట్టుకుపోరా నాయనా. దాన్ని చూస్తే మా ఆయన తిట్లు గుర్తొస్తాయి.”

అలా అతని ఇల్లు టోపీలతో నిండింది. అతని భార్య గెర్లిండెకు బట్టలు పెట్టుకునే చోటు కరువైంది. టోపీల మీది వంకర శిలువ, అంటే ఆ పాత నియంత రాజ్యపు స్వస్తిక గుర్తు, బయటికి కనబడకూడదని మా దేశంలో చట్టం. అందుకని మా ప్రదర్శనల్లో వాటి మీద అరటిపండ్లకు అంటించే కాగితపు బిళ్ళలు తెచ్చి అతికిస్తాం. ఆ రాజ్యానికి ఆ మాత్రం గౌరవం చాలు.

ఇప్పుడు నకిలీలు విపరీతం. ఒట్మార్ టోపీని తిప్పేవాడు, వాసన చూసేవాడు, చివరికి ‘ఎర్ర ఎద్దు’ సత్రం కింద బీరు పీపాల నేలమాళిగలోకి తీసుకెళ్ళేవాడు. పట్టపగలు కూడా అక్కడ చీకటే. ఊదారంగు దీపం వేసి చూసేవాడు. కొత్త కాలపు దారంలో తెల్లదనం కోసం కలిపే మందు ఆ వెలుగులో నీలంగా మెరుస్తుంది, పాత దారం మెరవదు. మెరిస్తే నకిలీ. అంతే, అప్పీలు లేదు.

నకిలీ అని తేలిన టోపీని, యజమాని పేరు చీటీతో సహా, సత్రంలో మూత్రశాలకు వెళ్ళే దారిలో ఉన్న దుప్పి కొమ్ములకు తగిలించాలి. ఈ శిక్ష ఒట్మార్ ఆలోచనే. కొమ్ముల్ని గోడకు మేకులతో బిగించింది నేను, ఒక్క మేకూ వంకర పోలేదు. పళ్ళ డాక్టరు వెండెలిన్ ప్రోల్ టోపీ కూడా అక్కడికే చేరింది. అప్పటినుంచి ఆ డాక్టరు బీరు తాగినా మూత్రశాలకు వెళ్ళడం మానుకుని పెరట్లో చెట్టు చూసుకునేవాడు.

శరదృతువు సమావేశానికి ఒట్మార్ తన మేనమామ టోపీ తెచ్చాడు. ఆ మామ సైన్యంలో గుర్రాల వైద్యుడు. యుద్ధమంతా గుర్రాల తోకల వెనకే గడిపి, ఎవర్నీ కాల్చకుండా, చాలాసార్లు తన్నులు తిని తిరిగొచ్చాడు. ముదురెరుపు అంచు కుట్టిన ఆ టోపీ అంటే ఒట్మార్‌కి ప్రాణం.

“బాగుంది” అన్నాడు డాక్టరు. “దీపం కింద పెడదామా?”

“మా మామ టోపీకి దీపమెందుకయ్యా?”

“అందరి టోపీలకూ ఎందుకో దీనికీ అందుకే.”

అందరం కిందికి దిగాం. దీపం వెలిగింది. టోపీ లోపలి గుడ్డ పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది. పీపాల మధ్య ఎవరో పగలబడి నవ్వారు.

“కొమ్ములకు, కొమ్ములకు!” అని కేకలు.

అరుపులు విని, సత్రం వంటింట్లో మా సమావేశానికి బంగాళదుంప ఉండలు చుడుతున్న గెర్లిండె పిండి చేతులతో మెట్లు దిగింది. “ఏమైందన్నా?” అని నన్నడిగింది. చెప్పాను.

“మెరవదా మరి? మేక కంపు కొడుతుంటే వసంతంలో సబ్బుపొడి వేసి ఉతికాను.”

“ఉతికావా?” ఒట్మార్ కీచుగా అరిచాడు.

“ఉతక్క కొరుక్కుతినమంటావా? నీ మసిబట్టలు ఉతికే పొడే. తెల్లగా వస్తాయని డబ్బా మీద రాసుంది.”

అప్పుడు మా అందరికీ ఒకేసారి వెలిగింది. ఉతికినా మెరుస్తుంది. అంటే కొమ్ముల మీదున్న టోపీల్లో ఎన్ని నకిలీవో, ఎన్ని ఎవరి భార్యలు శుభ్రం చేసినవో దేవుడికే తెలియాలి. ఒట్మార్ ముందు రెండే దార్లు. దీపం తప్పు చెప్పిందంటే అన్ని టోపీలూ కిందికి దించి అందరికీ క్షమాపణ చెప్పాలి. దీపం నిజం చెప్పిందంటే మేనమామను అబద్ధాలకోరును చేయాలి.

అతను మొండివాడు. “నకిలీయే” అన్నాడు. “మా మామ ఎక్కడో మోసపోయి కొనుంటాడు.”

దానికి డాక్టరు ఎగిరిపడ్డాడు. “ఏంటి నకిలీ? ఆ కుట్టు చూడు, ఆ తోలు చూడు! ఇంత అసలైన టోపీ నేను పుట్టి చూడలేదు.”

“ఇందాక నువ్వే కదయ్యా అనుమానించావు?”

“ఇందాక సబ్బుపొడి సంగతి నాకు తెలియదు కదా! మా అత్తగారు దొరికిందల్లా ఉతుకుతుంది!”

అలా టోపీ యజమాని నకిలీ అంటాడు, శత్రువు అసలు అంటాడు, ఇద్దరూ పీపాల మీద గుద్దుతూ అరుచుకున్నారు. మా సంఘం చరిత్రలో అంత గొప్ప చర్చ మరొకటి లేదు. అధ్యక్షత వహించింది నేను.

చివరికి గెర్లిండె టోపీ లాక్కుంది. “మన పెళ్ళికి మామయ్య ఇది పెట్టుకొచ్చి నన్ను తిప్పి తిప్పి నాట్యం చేయించాడు. నీ దీపం తప్పని ఒప్పుకోలేక ఆయన్ని దొంగను చేస్తున్నావు. చెయ్యి. ఆ మూత్రశాల దారిలో వేలాడదీస్తే, ఆ పక్కనే నువ్వూ వేలాడు. ఇంటికి మాత్రం రాకు.”

ఒట్మార్ ఆమెను చూశాడు, టోపీని చూశాడు. మేము ఎవరమూ సాయం చేయలేదు, అది అతని పని. జీవితమంతా నిచ్చెనలెక్కిన ఆ మనిషి పైకెళ్ళి, పెరట్లోంచి నిచ్చెన తెచ్చి, కొమ్ములకు ఆనించాడు. టోపీలు ఒక్కొక్కటే దించాడు. ఎవరి టోపీ వాళ్ళ చేతిలో పెట్టి, “తప్పు నాది” అన్నాడు. ఆ మాట అతని నోటి నుంచి మా లోయలో అంతకుముందు ఎవరూ విని ఉండరు.

డాక్టరు వంతు వచ్చేసరికి అతని చెయ్యి ఆగింది.

“డాక్టరుగారూ, ఇది నకిలీయే అని నాకిప్పటికీ అనుమానం” అన్నాడు. “కానీ నిరూపించలేను.”

డాక్టరు టోపీని ఆత్రంగా అందుకుని తలకు పెట్టుకున్నాడు. అది చెవుల మీదికి జారింది.

“నాకది చాలు” అని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ దారెంట మూత్రశాలకు నడిచాడు.