సార్జంట్ సిగ్మార్ కళ్లజోడు

లోకంలో అందరూ చూడటానికి కళ్లజోడు పెట్టుకుంటారు. సార్జంట్ సిగ్మార్ థోర్డార్సన్ మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోగానే దాన్ని తీసి సొరుగులో పడేస్తాడు. అది లేకపోతే ఆయనకి దగ్గరైనా దూరమైనా ఒకటే, అంతా మసక.

పోనీ, ఆయనది కళ్లతో పనిలేని ఉద్యోగమా అంటే అదీ కాదు. ఆడవాళ్ల నగ్న చిత్రాలని వాళ్ల ఇష్టం లేకుండా ఇంటర్నెట్‌లో పెట్టే ప్రబుద్ధుల్ని పట్టుకుని కోర్టుకి ఈడ్చడం ఆయన పని. మానిటోబా రాష్ట్రంలో ఓ సరస్సు ఒడ్డు ఊరికి విన్నిపెగ్ నగరం నుంచి బదిలీ మీద వచ్చిన కానిస్టేబుల్ రెనే లవాలే మొదటిరోజే ఆయన్ని చూసి నోరెళ్లబెట్టింది. ఆయన తెర పైఅంచున భూతద్దం ఆనించి, వెబ్ అడ్రసుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు. తర్వాత కాఫీని పెన్నుల డబ్బాలో పోసుకుని, కోటు స్టాండుకి "గుడ్ మార్నింగ్ చీఫ్" అని చెప్పి వెళ్లిపోయాడు.

"కళ్లజోడు పెట్టుకుంటే పని చిటికెలో అయిపోతుంది కదా, సార్జంట్?"

"అయిపోతుంది."

"మరి పెట్టుకోరేం?"

"ముక్కు నొప్పి."

అయితే పట్టుదలకి మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. వెబ్‌సైటు వాళ్లకి ఫోన్ చేశాడంటే జిడ్డులా పట్టుకునేవాడు.

"చూస్తాం సార్," అనేవాడు అవతలివాడు.

"చూడొద్దు. తీసెయ్."

ఆ చలికాలం ఒక్సానా కేసు వచ్చింది. ఒక్సానా స్కూలు బస్సు నడుపుతుంది, మంచు మీద బరువైన రాళ్లు జార్చే కర్లింగ్ ఆటలో ఊరి జట్టుకి కెప్టెన్. విడాకులిచ్చిన మొగుడు ట్రెవర్ కక్షకొద్దీ ఆమె ఫోటోలు ఓ సైటులో పెట్టాడు. ఫోన్‌లో ఫిర్యాదైతే చేసింది గానీ, స్టేషన్‌కి వచ్చి వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే ససేమిరా అంది. శుక్రవారంలోగా సంతకం లేకపోతే కేసు వీగిపోతుంది, ట్రెవర్ దర్జాగా తిరుగుతాడు.

రెనే ఆమె ఇంటికి వెళ్లింది. ఒక్సానా తలుపు సగమే తీసింది.

"మీ స్టేషన్‌లో నన్ను ఎంతమంది చూశారు?"

అది రెనేకి నిజంగానే తెలియదు.

"రోజూ మీ అందరికీ బస్సులోంచి చెయ్యూపేదాన్ని. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఊపమంటావు? కర్లింగ్ కూడా మానేశాను. నేను రాను."

రెనేకి ట్రెవర్ మీద ఒళ్లు మండిపోయింది. దిగాలుగా వచ్చి సార్జంట్‌కి చెబితే, ఆయన వెంటనే కుర్చీలోంచి లేచాడు. లోపలికి వెళ్లి ఒక్సానాకి ఫోన్ చేసి ఒకే మాట చెప్పాడు. "సంతకం పెట్టకపోయినా ఫర్వాలేదు. ఒక్కసారి వచ్చి ఆ ప్రశ్న నన్నడుగు."

శుక్రవారం మధ్యాహ్నం టోపీ కళ్లమీదకి లాక్కుని ఒక్సానా వచ్చింది. తెర ముందున్న సిగ్మార్ అడుగుల చప్పుడు విని గభాల్న లేచాడు. ఎదురుగా కోటు స్టాండుకి రెనే ఎర్రకోటు వేలాడుతోంది. ఆయన తిన్నగా దాని ముందుకెళ్లి నిలబడ్డాడు.

"రా అమ్మా, ఒక్సానా. నిన్నిక్కడ ఎవరూ చూడలేదు. ఆ పేజీ తెరిచింది నేనొక్కణ్ణే. నా కళ్లజోడు సొరుగులో ఉంది. కోర్టుకి కావాల్సింది అడ్రసు, పెట్టినవాడి ఖాతా, నీ మాట. ఈ ఊళ్లో రోజూ నీకు ఎదురుపడాల్సినవాణ్ణి, నేను అంతకంటే ఎక్కువ చూడకూడదు. కాదంటావా?"

కోటు కాదనలేదు.

వెనకాల నుంచి ఒక్సానా నవ్వు వినిపించింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వేమో, ఆపుకోలేకపోయింది. "సార్జంట్‌గారూ, నేనిక్కడున్నాను," అంటూ టోపీ తీసి, "సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది.

ముక్కునొప్పి కథ రెనేకి అప్పుడు అర్థమైంది.

ఫోటోలు సైటులోంచి పోయాయి, ట్రెవర్ జైలుకెళ్లాడు, ఒక్సానా మళ్లీ కర్లింగ్ మొదలుపెట్టింది. ప్రతి ఉదయం బస్సులోంచి చెయ్యూపుతుంది.

రెనేకి చూపు శుభ్రంగా ఉంది, అదే చిక్కు. మందుల షాపుకెళ్లి ముసలివాళ్లు చదువుకోవడానికి వాడే అద్దాల్లో అన్నిటికంటే మందమైనవి కొనుక్కుని, తనకీ తెర మసకబారేలా అవి పెట్టుకుని పనిలో కూర్చుంది. లేచి వెళ్తూ కోటు స్టాండుని గుద్దుకుని, "సారీ, సార్జంట్," అంది.

"నేనిక్కడున్నానమ్మాయ్," అన్నాడు సిగ్మార్, కిటికీతో.