అయిదు హుక్కులు

పొద్దున ఆరింటికి టీ గ్లాసు కుట్టు మిషను మీద పెట్టి, మా ఆయనతో "దారం ఎక్కించు" అనేదాన్ని. ఎక్కించేవాడు. "కుర్చీల కూసో" అంటే కూర్చునేవాడు. "ఇగ తొక్కు" అనేదాకా పెడలు మీద కాలు అలాగే ఉండేది. ఏడాదిగా ఆ మాటలతో పని లేదు. టీ ఒక్క గ్లాసే.

మా ఆయన సారంగపాణి కరీమాబాద్‌లో లేడీస్ టైలరు. ఆయన కుట్టిన జాకెట్టుకు ఎక్కడా ముడత పడేది కాదు. హుక్కులు మాత్రం ఉండేవి కావు. హుక్కులు కుట్టాలంటే మిషను ఆపాలి, చేతిసూది వెతకాలి, వేరే దారం తీయాలి. అక్కడే ఆగిపోయేవాడు. జాకెట్టు చేతిలో పట్టుకుని గంటసేపు దాన్నే చూసేవాడు. మా వాడ మొగిలమ్మ తన బిడ్డ పెళ్లికి హుక్కుల్లేని జాకెట్టుకు ఆరు పిన్నీసులు పెట్టుకుని వెళ్లి, కావలించుకుని అలయ్ బలయ్ తీసుకుంటూ వియ్యపురాలిని పొడిచింది.

సలహాలకు లోటు లేదు. మా తమ్ముడు శేఖర్ ఫోన్లో పదకొండు అలారాలు పెట్టాడు. ఆ రోజంతా ఆయన చేసిన పని వాటిని ఆపడమే. ఒక్కటీ తప్పలేదు. మా ఆడబిడ్డ చిలుకమ్మ తాయత్తు తెచ్చింది. అది కట్టుకోవడం కూడా ఆయన మర్చిపోయాడు.

సాయంత్రానికి మట్టి మోసినవాడిలా గోడకు చేరగిలబడేవాడు.

"ఏం చేసినవని అలిసినవురా?" అని చిలుకమ్మ వదినె అడిగేది.

"చెయ్యాల్నని పొద్దటిసంది అనుకుంటనే ఉన్ననక్కా."

పెద్ద దవాఖానకు తీసుకుపోతే, మెదడులో 'ఇక మొదలుపెట్టు' అని చెప్పే చోట ఇబ్బంది ఉందని, అది బద్ధకం కాదని డాక్టరమ్మ చెప్పి, కాగితం మీద కూడా రాసింది. నేను సంబరంగా వదినెకు చూపించాను.

"బద్ధకానికి గూడ చీటీ రాసిస్తున్నరా?" అంది వదినె.

పోయిన శ్రావణంలో గుండె ఆగి పోయాడు. ఎవరూ గుర్తు చేయకుండా ఆయన చేసిన పని అదొక్కటే.

మిగిలిపోయిన పదమూడు జాకెట్లకు నేనే హుక్కులు కుట్టి ఇచ్చేశాను. పద్నాలుగోది నాది, కాఫీ రంగుది, హుక్కుల్లేకుండా మిషను మీదే ఉంది. రేపే ఆయన సంవత్సరీకం. నలుగురు చుట్టాల ముందు వదినె మళ్లీ 'మా బద్ధకపోడు' అంటుందేమోనన్నదే నా బెంగ. ఆయనది బద్ధకం కాదని ఈ ఒక్క మనిషి ఒప్పుకుంటే చాలనిపించింది.

వదినె నిన్న వచ్చి జాకెట్టు చూసింది.

"అయిదు హుక్కులు. అయిదు నిమిషాల పని. ఎల్లుండికి కుట్టుకోరాదే వినోదా?"

"కుట్ట, వదినె."

"చేతులు నొస్తున్నయా?"

"లేదు."

"సూది లేదా?"

"ఉన్నది. దారం గూడ ఎక్కించే ఉన్నది."

"మరేం రోగమే నీకు?"

"ఏం రోగం లేదు. చాతనైతది, చేస్తలేను. పానం హాయిగున్నది. బద్ధకమంటే ఇది, జర మంచిగ చూడు. నీ తమ్ముడు ఒక్కనాడన్న ఇట్ల హాయిగ కూసున్నడా?"

గోడకు ఆనుకుని టీ తాగాను. వదినె నన్ను చూసింది, మిషను వైపు చూసింది. కొంగుతో మిషను మీది దుమ్ము తుడిచింది.

"పిన్నీసులన్న ఉన్నయా?"

డబ్బా చూపించాను. జాకెట్టును మడిచి మళ్లీ మిషను మీదే పెట్టాను, సూది పక్కన.