అటుకుల పొట్లాల చప్పుడు

తొంభైల మొదట్లో ఒక నవంబరు, మధ్యాహ్నం రెండింటికి మంచుకొండ మీది సైనిక పోస్టు చేరాం. ఎత్తు పదహారు వేల అడుగులు. పన్నెండు మందిమి, ఒక బంకరు, ఒక ఆక్సిజన్ సిలిండరు. డాక్టరు కిందే ఉండిపోయాడు. పైన వైద్యమంటే సూర్యాపేట పక్క చివ్వెంల నుంచి వెళ్లిన నర్సింగ్ సిపాయిని నేనూ, నా స్టెతస్కోపూ.

ఎక్కే ముందు ఆయన పాఠం చెప్పాడు. గాలిగొట్టాలు ఇరుకైతే ఈల వినిపిస్తుంది. కఫముంటే గురగుర, దగ్గితే మారుతుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే సన్నగా చిటపట, దగ్గినా పోదు. ఎత్తు మీద మనిషిని చంపేది అదే. "చెవి దగ్గర వెంట్రుకలు నలిపి చూసుకోండి, అచ్చం అదే చప్పుడు" అన్నాడు. నలపడానికి మా తలల మీద వెంట్రుకలెక్కడివి?

మూడో రోజు ఉదయం ఎనిమిదింటికి వంటవాడు పొయ్యి ముందు కూలబడి ఆయాసపడ్డాడు. అతనిది మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లి. పది రోజుల్లో సెలవు, ఇరవై రోజుల్లో పెళ్లి. ఆసుపత్రి పాలైతే ముహూర్తం గోవిందా.

"నాకేం కాలేదన్నా, జర దగ్గంతే."

చలి చూసి జాలిపడి, స్వెట్టర్ మీదనుంచే వీపున స్టెతస్కోపు పెట్టాను. రెండు వైపులా చిటపట! రేడియోలో అరిచాను. స్ట్రెచర్ సిద్ధం చేయమన్నాడు డాక్టరు.

మా హవల్దారుది కోదాడ. "ముందు ఆ స్వెట్టర్ తీయించవయ్యా! దాని మీద ఏం వినబడుద్ది?"

తీయించాను. వీపుకు తువ్వాలుతో కట్టిన రెండు అటుకుల పొట్లాలు! ఒకటి చినిగింది కూడా. వాళ్లమ్మ పంపినవట, మేం ఖాళీ చేస్తామని దాచుకున్నాడు. బంకరంతా ఒకటే నవ్వు. సిగ్గుతో నా ముఖం మాడిపోయింది.

"సూసినవా? నాకు మంచిగనే ఉంది" అంటూ వంటవాడు చొక్కా అందుకున్నాడు.

రేడియోలో ఇదంతా విన్న డాక్టరు మాత్రం నవ్వలేదు. "పొట్లాలు తీసేశావుగా. ఇప్పుడు ఒంటి మీద విను."

విన్నాను. ఊపిరి పీల్చే చివర్లో, వీపు అడుగున, సన్నగా చిటపట. దగ్గించాను. పోలేదు.

అతడు నా చెయ్యి పట్టుకున్నాడు. "అటుకుల సప్పుడే అని చెప్పన్నా. నా లగ్గం ఆగమైతది."

నాకు ఏడుపొచ్చింది. రేడియోలో నిజమే చెప్పాను.

ఆక్సిజన్ పెట్టి, ఆరు గంటలు మోసి కిందికి దించాం. బతికాడు. పెళ్లి రెండు నెలలు వెనక్కి పోయింది. పందిట్లో తలంబ్రాలు పోస్తున్నవాడు ఆగి, "గీయనే నా లగ్గం ఆపిండు" అని అత్తగారికి నన్ను చూపించాడు. ఆమె నా విస్తట్లో రెండు లడ్డూలు ఎక్కువ వేయించింది.

సర్వీసు అయ్యాక సూర్యాపేటలో ఒక దవాఖానలో చేరాను. ఎవరి వీపున స్టెతస్కోపు పెట్టినా ముందు ఆ వీపే కనబడుతుంది. చలికి రోమాలు నిక్కిన చర్మం, దానికి అంటుకున్న ఒక్క అటుకు, గబగబా లేస్తూ, పడుతూ.