విశాఖకు గంటా పావు

మొన్న నానక్‌రామ్‌గూడలో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన అమ్మాయి, మాది విశాఖపట్నమని తెలిసి, ఫ్లైట్‌లో గంటా పావే కదా మేడమ్, నేనైతే నెలకోసారి వెళ్ళొచ్చేస్తాను అంది. ఇలాంటివి వింటే నాకు ఊరుకోబుద్ధి కాదు, వెంటనే ఫోనులో చూశాను. రోడ్డున ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు, ఆకాశంలో అయిదువందలట. మధ్యలో ఆ వందా ఏమైపోయాయో అని నాలో నేనే నవ్వుకున్నాను. మన తరానికి దూరమంటే పట్టాల మీద దూరమే కదా, స్టేషన్ల పేర్లు వరసగా చెప్పుకుంటూ కొలిచేవాళ్ళం.

హైటెక్ సిటీలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు, ఆడపిల్లను అంత దూరంలో ఒంటరిగా వదలడం నాన్నకు బొత్తిగా ఇష్టం లేదు. వద్దని మాత్రం ముఖాన చెప్పలేదు. పోనీ ఊరు చూసి వద్దాం పద అంటూ పగటి బండికి టికెట్లు తీశారు, ఆ చేత్తోనే ఇద్దరికీ తిరుగు టికెట్లు కూడా తీశారు. నన్ను వెనక్కి తెచ్చెయ్యడానికేనని అవి చూడగానే అర్థమైంది. నా జీతంతో నేను బతకాలని ఎంత ఆశపడ్డానో అమ్మకు ఒక్కదానికే తెలుసు.

తెల్లవారుతూనే బండెక్కాం. సింహాచలం దర్శనం చేసుకుని తిరిగి వెళుతున్న నడివయసావిడ, హైటెక్ సిటీకి దగ్గరలోనే చందానగర్‌లో ఉంటుందట, మా ఎదుటి సీట్లో కూర్చుంది. తుని దాటేలోగా నా చదువూ ఉద్యోగమూ అన్నీ ఆరా తీసేసింది. నాన్న పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. రాజమండ్రిలో ఆవిడ సకినాలు పెడితే మొహమాటానికి ఒకటి తీసుకున్నారు, ఏలూరు వచ్చేసరికి ఆ మొహమాటమూ పోయింది, విజయవాడలో అమ్మ కట్టిచ్చిన పులిహోర ముగ్గురం కలిసి తిన్నాం. ఆ తర్వాత బండి సిగ్నల్ లేక పొలాల మధ్య చాలాసేపు ఆగిపోతే, పెట్టెలో అందరూ విసుక్కుంటున్నారు గానీ వాళ్ళిద్దరూ మాత్రం మోకాళ్ళ నొప్పుల గురించీ పిల్లల పెళ్ళిళ్ళ గురించీ చుట్టాల్లా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఖమ్మం దాటాక నాన్న ఉన్నట్టుండి మనసులో మాట బయటపెట్టారు.

"ఇంత దూరంలో దీనికి జ్వరమొస్తే చూసే దిక్కెవరండీ?"

"నేను లేనా అన్నా? ఫికర్ చెయ్యకుండ్రి. మా ఇంట్ల ముందటి అర్ర ఖాళీగనే ఉంది, బిడ్డ నా కాడనే ఉంటది," అంది ఆవిడ.

కాజీపేటలో టీ తాగాక నాన్న, మీ ఇల్లు ఒకసారి చూడొచ్చా అని ఆవిడను అడిగారు. మూడోనాడు ఆయన ఒక్కరే తిరుగు బండెక్కారు. నా పెళ్ళయ్యేదాకా నేను ఆ ముందుగదిలోనే ఉన్నాను, నిజంగానే జ్వరమొచ్చినప్పుడు దవాఖానకు తీసుకెళ్ళింది కూడా ఆవిడే.

ఇప్పుడు నేనూ ఫ్లైట్‌లోనే వెళ్ళొస్తుంటాను, సుఖంగానే ఉంటుంది, కాదనను. పోయినసారి పక్క సీట్లో నా వయసావిడే ఒకరు కూర్చున్నారు, ఏ ఊరండీ అని అడుగుదామనుకునేలోపే దిగే వేళయింది. నాన్నకు ఒక కొత్త మనిషిని నమ్మడానికి పగలంతా పట్టింది. అప్పట్లో మేమూ గంటా పావులోనే వచ్చేసి ఉంటే, ఊరు చూశాం కదా, ఇక పద అనేవారు, నేను మారుమాట్లాడకుండా ఆయన వెంట వెళ్ళిపోయేదాన్ని.